మేనేజరు గారు ఎంచిన మనిషి

మచిలీపట్నం,
జనవరి 2025

అయ్యప్ప బావా,

కొత్త సంవత్సరం వచ్చినా ఉత్తరం ముక్క రాయలేదని నన్ను తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. నాకెలాగూ వినపడదు.

చెవులు పోయిన మనిషికి పగలు ఎంత పొడుగ్గా ఉంటుందో చెప్పినా నీకు తెలియదు. ఆ జ్వరం, ఆ ఇంజెక్షన్లు అయ్యాక చిలకలపూడిలో గిల్టు నగల పని మానేశాను. వెనక నుంచి పిలిస్తే పలకని మనిషిని యాసిడ్ తొట్ల దగ్గర పెట్టుకోవడానికి ఎవరికి ధైర్యం? ఇంట్లోనే గాజులకు మెరుగు పెడుతున్నాను. రిజ్వానా చెప్పదలచుకున్నది పలక మీద రాసి చూపిస్తుంది. దానివల్ల మా ఆలుమగల పోట్లాటలు తగ్గాయి. తిట్టు రాయడం పూర్తయ్యేలోపు ఆవిడకు కోపం దిగిపోతోంది.

ఈ మధ్య నాకొక పిచ్చి పట్టుకుంది. కంప్యూటర్లో బేస్‌బాల్ ఆట. మనం హైస్కూల్లో ఆడిన సాఫ్ట్‌బాల్‌కి ఇది పెద్దన్న అనుకో. అయితే ఇందులో మనం బ్యాటు పట్టి కొట్టేదేమీ ఉండదు. జట్టు తయారుచేసి, ఒక్కొక్కడికీ కొట్టడానికి ఇన్ని, పరుగుకి ఇన్ని, పట్టడానికి ఇన్ని, విసరడానికి ఇన్ని అని మార్కులు వేసి వదిలెయ్యాలి. ఆట కంప్యూటరే ఆడుకుంటుంది. నేను మన స్కూలు జట్టునంతా పేరుపేరునా ఎక్కించాను. బంతి విసిరే పిచ్చరువి నువ్వు, దాన్ని వెనక పట్టుకునే క్యాచర్ని నేను, అప్పట్లాగే.

ఏ రోజు ఏ తొమ్మిదిమంది ఆడాలో చెప్పడానికి కంప్యూటర్ మేనేజరు ఒకడున్నాడు. వాడి పద్ధతి గమనించడమే నాకు ఆటకంటే సరదాగా ఉంది. ముందు అవతలి పిచ్చరుది ఏ చేతివాటమో చూస్తాడు. దాన్నిబట్టి వాణ్ని ఎవరు బాగా కొట్టగలరో లెక్క వేస్తాడు. తర్వాత ఒక్కో చోటికీ ఎవరి మార్కులు ఎక్కువో చూస్తాడు. బాగా అలిసిపోయినవాణ్ని కూర్చోబెడతాడు. ఇంతవరకూ న్యాయమే. కానీ గాయమైనవాణ్ని కూర్చోబెడతాడని నమ్మకం లేదు. గాయంతో వాడి మార్కులు సగమైపోయినా, బెంచీ మీద ఉన్నవాడికంటే ఆ సగమే ఎక్కువనుకో, కుంటుతున్నవాణ్నే ఆడిస్తాడు. వాడు రేపటికి పనికొస్తాడా రాడా అన్నది ఆయనగారికి పట్టదు.

అసలు సంగతి చివరికి అట్టేపెట్టాను. నా కంప్యూటర్లో, నేను బిల్లు కట్టే కరెంటుతో, నేను పుట్టించిన జట్టులో నన్నే బెంచీ మీద కూర్చోబెట్టాడు! పరుగుకి నాకు నేను నిజాయితీగా మార్కులు వేసుకున్న పాపానికి. నువ్వు మాత్రం మీసం మెలేసుకుని ఆడుతున్నావు. నువ్వు విసిరిన రోజు మనకు ఓటమి లేదు.

ఈ ఆట ఫోన్లోనూ ఉంది. నీ బటన్ల ఫోన్లో కాదులే, మీ తమ్ముడు ఉదయ్ కిరణ్ దగ్గరుండే పెద్ద ఫోన్లో. వాడికీ, కనకదుర్గకూ నా దీవెనలు.

నీ అజహర్

*

నాగాయలంక,
ఫిబ్రవరి 2025

అజహర్ బావా,

నీ ఉత్తరం బోటులో అందరికీ చదివి వినిపించాను. మా సరంగు అయితే చుక్కాని వదిలేసి నవ్వాడు. సొంత జట్టులో చోటు దొరకని యజమానిని ఎక్కడా చూడలేదన్నాడు.

నాకు మాత్రం మీ మేనేజరు గారు నచ్చాడు. ఆయనకు మేనల్లుళ్లు లేరు. మన డ్రిల్ మాస్టారు నన్ను ఆపేసి వాళ్ల అక్క కొడుకుని రాష్ట్రం పోటీలకు పంపిన రోజు గుర్తుందా? హాస్టల్ గోడ వెనక కూర్చుని ఏడుస్తుంటే నువ్వు వచ్చి పక్కన కూర్చున్నావు. ఆ మాస్టారి కుర్చీలో ఇలాంటి మేనేజరు ఉండి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేదేమో.

ఇక నా సంగతి. నవ్వుతూ మొదలుపెట్టాను గానీ నవ్వే విషయం కాదు. వల లాగేటప్పుడు రొమ్ము మీద బండ పెట్టినట్టుంటోంది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోంది. మొన్న బోటులోనే కూలబడ్డాను, అందరూ చూశారు. అప్పటి నుంచి కనకదుర్గ ఆసుపత్రి, ఆసుపత్రి అని నా ప్రాణం తీస్తోంది.

మా బోటు పద్ధతి నీకు తెలుసు. యజమాని వెంకటపతి గారు తాతల నాటి మాట తప్పడు. బోటులో చోటు మనిషిది కాదు, ఇంటిది. ఇంటి మనిషి ఎక్కలేకపోతే ఆ ఇంటి నుంచే ఇంకో మగమనిషి ఎక్కాలి. ఎవరూ రాకపోతే ఆ చోటు వేరే ఇంటికి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. నాన్న పోయినప్పుడు దినం అయిన మర్నాడే నేను ఎక్కింది అందుకే. ఇప్పుడు నేను దిగితే ఉదయ్ ఎక్కాలి. చూడ్డానికి ఎద్దులా ఉంటాడు. కానీ వాడు నీళ్ల మీద ఉండకూడదు బావా. ఎందుకని అడక్కు. పెళ్లి కావలసినవాడు. అమ్మ పోతూ పోతూ నా చేత ఒట్టు వేయించుకుంది, వాణ్ని వేటకు పంపనని.

డాక్టరు మాట నాకు నమ్మకం లేదు. కనకదుర్గ మాటా నమ్మను. డాక్టరు భయపెట్టి బతుకుతాడు, ఇది భయపడి బతుకుతుంది. నా మీద ఆశ గానీ ప్రేమ గానీ లేనివాడు చెప్తే వింటాను. అందుకని మీ మేనేజరు గారిని అడుగు. నన్ను గాయమైనవాడిగా పెట్టు. ఉదయ్‌ని బెంచీ మీద పెట్టు. బలానికి వాడికి నిండా మార్కులు వెయ్యి, పని తెలియదు కాబట్టి మిగతావి తగ్గించు. నన్ను ఆడిస్తాడో కూర్చోబెడతాడో చూసి రాయి. కూర్చోమంటే కూర్చుంటాను. మోపిదేవి స్వామి మీద ఒట్టు.

నీ అయ్యప్ప

*

గుడివాడ,
ఫిబ్రవరి 2025

అజహర్ అన్నయ్యా,

నేను కనకదుర్గని. ఆయన రాసే ఉత్తరాల్లో నా పేరు ఉండటమే గానీ నేను ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఆయనకి లోపల గుండె పరీక్ష చేస్తున్నారు. డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "గుండెలో ఒక పక్క సరిగ్గా కొట్టుకోవట్లేదమ్మా. ఇంక వల ముట్టుకోనివ్వొద్దు. ముట్టుకున్నాడో, ఏదో ఒక రోజు బోటులోనే పోతాడు" అని చెప్పారు. ఆ మాటే ఆయనకి చెప్తే, "బావ దగ్గర్నించి జవాబు రానీ" అంటున్నారు. డాక్టరు ఎదురుగా కూర్చుని కంప్యూటరు ఆటలో మేనేజరు సంగతి చెప్తుంటే నాకు ఎక్కడ తల పెట్టుకోవాలో తెలీలేదు.

ఇంట్లో ఉదయ్ ఉన్నాడు కదండీ. తిని ఫోను పట్టుకుని కూర్చుంటాడు. వాడు ఎక్కితే ఏమవుతుంది? అడిగితే అన్నదమ్ములిద్దరూ మాట మార్చేస్తారు. మా అత్తయ్య గారాబం చేసి పాడుచేసింది, ఆయనా అదే దారి.

మీ కంప్యూటరు ఏం చెప్తుందో నాకు తెలీదు. అది ఏం చెప్పినా సరే, ఆయన్ని కూర్చోమందనే రాయండి. నాకు తోడబుట్టినవాళ్లు లేరు, అందుకని మిమ్మల్ని అడుగుతున్నా. నాకేమన్నా రాసేదుంటే మా వీధిలో ఆశా వర్కరు రమణమ్మ గారి పేరు మీద పంపండి. ఆయన బయటికి వస్తున్నారు. ఉంటాను.

కనకదుర్గ

*

మచిలీపట్నం,
మార్చి 2025

అమ్మా కనకదుర్గా,

నువ్వు అడిగినట్టే మీ ఆయనకు వేరే ఉత్తరం రాశాను. కానీ నీకు నిజం తెలియాలి.

ఆ మేనేజరు ప్రతిసారీ అయ్యప్పనే ఎంచాడు. ఆటలో గుండె జబ్బు అనేది లేదు, రొమ్ముకి గాయం అని పెట్టాను. మార్కులు సగానికి పడిపోయాయి. అయినా వాణ్నే ఆడించాడు. ఇంకా తగ్గించి చూశాను. అప్పుడూ వాణ్నే. పని రానివాడికంటే సగం ప్రాణంతో ఉన్న పనివాడే మేలని వాడి లెక్క. ఒక ఆటలో అయ్యప్ప మధ్యలోనే కూలిపోయాడు. తర్వాతి ఆటకు మళ్లీ వాడి పేరే పైన రాశాడు. నాకు ఒళ్లు మండిపోయి కంప్యూటరు ఆపేశాను.

ఉదయ్ నీళ్ల మీద ఉండకూడదని అయ్యప్ప నాకు రాశాడు. కారణం అడగొద్దన్నాడు. గారాబం అని నువ్వంటున్నావు, అదే అయి ఉంటుందని నేనూ అనుకుంటున్నాను. నా స్నేహితుడు బతకాలి, అంతే. ఈ కాగితం చింపెయ్యి.

అజహర్

*

మచిలీపట్నం,
మార్చి 2025

బావా,

ఫలితం వచ్చింది. ముందు మంచినీళ్లు తాగి చదువు. నేను తాగను, రోజా ఉన్నాను.

మేనేజరు గారు నిన్ను కూర్చోబెట్టారు. ఒకసారి కాదు, ఎన్నిసార్లు ఆడించినా అంతే. నీ పేరు పక్కన గాయం గుర్తు పడగానే ఉదయ్‌ని పైకి తెచ్చారు. గాయమైనా సరే మెరుగైనవాణ్నే ఆడిస్తాడని నేను ముందు రాశాను కదా అంటావు. నిజమే. కానీ నీ గాయం మామూలు గాయం కాదు, అందుకే ఆయనకు నీ మీద ఆశ పోయినట్టుంది. బెంచీ మీద నా పక్కన చోటు ఖాళీగా ఉంది, వచ్చి కూర్చో. ఇక్కడ గాలి బాగుంటుంది. అప్పుడప్పుడూ చప్పట్లు కొడితే చాలు, ఇంకో పని లేదు.

ఒట్టు పెట్టుకున్నావు. మాట తప్పకు. నీకు ఏమన్నా అయితే నాకు ఉత్తరాలు రాసేవాళ్లు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. ఇది మాత్రం మేనేజరు మాట కాదు, నా మాట.

నీ అజహర్

*

నాగాయలంక,
మార్చి 2025

బావా,

ఆయన అలా అన్నాడంటే ఇక చెప్పేదేముంది. కూర్చున్నాను.

చోటు పోతే పోయిందిలే అనుకున్నాను. వెంకటపతి గారికి చెప్పేద్దామని చొక్కా కూడా వేసుకున్నాను. ఉదయ్ వెళ్లనివ్వలేదు. నీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని చదివాడు. చదివి, నీ కాగితం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వి, "అన్నా, మేనేజరు గారు నన్ను ఆడమన్నాడు. నువ్వు ఒట్టు పెట్టుకున్నావంట కదా, ఇంకేంటి?" అన్నాడు. నేను వద్దన్నాను. అమ్మకిచ్చిన మాట చెప్పాను. "అమ్మకిచ్చిన మాట నువ్వు నన్ను పంపనని. నువ్వు పంపట్లేదు, నేనే వెళ్తున్నా" అన్నాడు. తనే వెళ్లి యజమానితో మాట్లాడుకుని వచ్చాడు.

బోటు వెళ్లాక నేను రేవులో నిలబడుతున్నాను. ఇన్నేళ్లలో మా బోటు వెనక భాగం ఎలా ఉంటుందో నేను చూడలేదు. కనకదుర్గ మొహం మాత్రం కళకళలాడుతోంది. పులుసు పెడుతోంది, కబుర్లు చెప్తోంది. నాకు ముద్ద దిగడం లేదు. వేట నిషేధం వచ్చేదాకా గడిస్తే చాలు. ఏప్రిల్ మధ్య నుంచి బోట్లన్నీ కట్టేస్తారు కదా, ఈలోగా వేరే పని ఏదైనా చూసి వాణ్ని దింపేస్తాను.

అయ్యప్ప

*

నాగాయలంక,
ఏప్రిల్ 2025

అజహర్ అన్నయ్యా,

ఉదయ్ పోయాడు.

వల లాగుతుంటే ఒళ్లు బిగుసుకుపోయిందంట. నోట్లో నురగ వచ్చిందంట. పక్కనున్నవాళ్లు చెయ్యి వేసేలోపే ఒరిగి నీళ్లలో పడిపోయాడంట. సరంగు దూకాడు గానీ అందలేదు. హంసలదీవి ఒడ్డుకి కొట్టుకొచ్చాడు.

వాడికి చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉందంట అన్నయ్యా. మధ్యలో కొన్నేళ్లు రాలేదంట, తగ్గిపోయిందనుకున్నారంట. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్లయింది, ఈ సంగతి నేను శవం పక్కన కూర్చుని విన్నాను. బయటికి తెలిస్తే సంబంధాలు రావని నాకు కూడా చెప్పలేదు. తెలిసుంటే నేను మీకు ఆ ఉత్తరం రాసేదాన్నా? చెప్పండి, రాసేదాన్నా?

సోమరి అని తిట్టేదాన్ని వాణ్ని. బోటెక్కిన మొదటి రోజు అన్నం డబ్బా చేతికిచ్చి, "ఇన్నాళ్లకి మనిషివయ్యావురా" అన్నాను. "అవును వదినా" అని నవ్వాడు.

మనం రాసుకున్న సంగతి ఆయనకి చెప్పకండి. ఇప్పుడు తెలిస్తే ఆయన గుండె ఆగిపోద్ది. మీరు ఒకసారి రండి.

కనకదుర్గ

*

మచిలీపట్నం,
మే 2025

బావా,

నీ దగ్గరికి వచ్చి, నీ పక్కన కూర్చుని, ఏమీ చెయ్యలేక తిరిగి వచ్చాను. నువ్వు ఏదో చెప్తూనే ఉన్నావు. నీ పెదాలు కదులుతుంటే చూస్తూ తల ఊపాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. అడుగుదామంటే అక్కడ పలకా లేదు, అడిగే సమయమూ కాదు. నువ్వు ఏమన్నావో ఇప్పటికీ తెలియదు.

ఉదయ్ చిన్నప్పుడు మన హాస్టల్‌కి వచ్చి నా క్యాచర్ గ్లౌజు వేసుకుని తిరిగేవాడు. వాడి రెండు చేతులూ అందులో పట్టేవి.

ఆ ఆట నా కంప్యూటర్లోంచి తీసేశాను. మందులు మానకు. నీ నుంచి ఒక కార్డు ముక్క వచ్చినా చాలు.

అజహర్

*

నాగాయలంక,
మే 2025

అజహర్‌కు,

నేను ఏమన్నానని అడిగావు. "నువ్వు రాసింది చదివి నేను ఒప్పుకున్నాను, నీ తప్పు లేదు బావా" అన్నాను. ఆ రోజు అన్నాను.

ఉదయ్ ఫోను ఇంట్లోనే ఉంది. తడిసిపోతుందని వేటకు తీసుకెళ్లేవాడు కాదు. వాడి ఫోటోలు చూద్దామని తెరిచాను. అందులో నీ ఆట ఉంది. జట్టు మా బోటు పేరు మీద పెట్టుకున్నాడు. సరంగు, మిగతావాళ్లు, నేను, చివర వాడు. పదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. నా పేరు పక్కన రొమ్ము గాయం గుర్తు ఉంది. వాడు ఆడించిన ప్రతి ఆటలోనూ మేనేజరు నన్నే ఎంచాడు. ఒక్క ఆటలో కూడా ఉదయ్ పేరు లేదు. తారీఖులు చూశాను. నీ ఉత్తరం వచ్చిన రోజు ఆడాడు. ఆ మర్నాడు ఆడాడు. బోటెక్కే ముందు రోజు కూడా ఆడాడు.

నువ్వు రాసింది అబద్ధమని వాడికి తెలుసు. నాకంటే ముందే తెలుసు. నీ కాగితం వైపు అంతసేపు ఎందుకు చూశాడో ఇప్పుడు అర్థమైంది.

ఇంకొకటి కూడా ఉంది. ఆటలో ఒక్కో మనిషికి గాయాలు ఎంత త్వరగా అవుతాయో మనమే పెట్టొచ్చట కదా. అందరికీ మామూలుగా వదిలేశాడు. తన పేరుకి మాత్రం అన్నిటికంటే ఎక్కువ పెట్టుకున్నాడు. ఆటలో కూడా వాడు తన జబ్బు దాచుకోలేదు బావా. మేమే దాచాం. మేనేజరు వద్దన్నాడని తెలిసీ, ఎప్పుడైనా పడిపోతానని తెలిసీ, నా బదులు వాడు ఎక్కాడు.

నువ్వు ఎందుకు అలా రాశావు?

అయ్యప్ప

*

మచిలీపట్నం,
జూన్ 2025

బావా,

నువ్వు బతకాలని రాశాను. ఆ ఆలోచన నాదే, ఎవరూ చెప్పలేదు. మూర్ఛ సంగతి నువ్వు నాకు ఒక్క మాట రాసి ఉంటే నా చెయ్యి విరిగినా అలా రాసేవాణ్ని కాదు. ఈ మాట అనే అర్హత నాకు లేదు, అయినా అంటున్నాను. కోపం వస్తే రానీ.

నిషేధం అయిపోతోంది. పదిహేనో తారీఖున బోట్లు కదులుతాయని రిజ్వానా పేపర్లో చూపించింది. నువ్వు ఎక్కొద్దు. చోటు పోనీ. మా ఇంటికి రండి ఇద్దరూ. గాజులకు మెరుగు పెట్టడం కూర్చుని చేసే పని, నేను నేర్పిస్తాను. నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు. నాకు ఎలాగూ వినపడదు కదా.

అజహర్

*

నాగాయలంక,
జూన్ 2025

బావా,

ఎవరూ చెప్పలేదని రాశావు. కనకదుర్గ అంతా చెప్పేసింది. నీ ఉత్తరం వచ్చాక నా కాళ్ల దగ్గర కూర్చుని చెప్పింది. దాన్ని కాపాడాలని చూశావు, సంతోషం. దాన్ని నేను ఒక్క మాట అనలేదు. నిన్నూ అనను. ఒట్టు వేయించుకున్న అమ్మనీ అనను. నువ్వు, అది, నేను, ముగ్గురం తలా కాస్త దాచి వాణ్ని చంపుకున్నాం. అంతకంటే నాకేమీ తోచడం లేదు.

వెంకటపతి గారు కబురు పెట్టాడు, మీ ఇంటి నుంచి ఎవరొస్తున్నారని. ఫోనులో ఉదయ్ పేరు చెరిపేసి మళ్లీ ఆడించి చూశాను. నా గాయాన్ని ఎంత పెంచినా మేనేజరు నన్నే ఆడిస్తున్నాడు. వేరే మనిషి లేడు మరి. మీ ఇంటికి రావచ్చు, గాజులు రుద్దుకుంటూ బతకొచ్చు. కానీ వాడు నన్ను ఒడ్డున కూర్చోబెట్టడానికి పోయాడని తెలిసిపోయాక, ఆ ఒడ్డున నాకు ఊపిరాడటం లేదు. ఆ చోటు ఇంకో ఇంటివాడికి పోవడం చూడలేను. వాడు ఆఖరిసారి నిలబడిన చోటు అది.

పదిహేనో తారీఖున ఎక్కుతున్నాను. ఇదివరకటి కనకదుర్గ అయితే బోటుకి అడ్డంగా పడుకునేది. ఇప్పుడేమో నా లుంగీలు ఉతికి, మందులు ఒక కవరులో చుట్టి, సంచిలో పెట్టింది.

ఆ రోజు నువ్వు రేవుకి రావద్దు. నిన్ను చూస్తే దిగిపోతానని భయంగా ఉంది.

అయ్యప్ప